రంగుల పటమూ, రాళ్ళ గట్టూ

ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే చాలు, మా మిత్రుడొకడి వద్దనుండి తప్పక ఫోను వస్తుంది. కుశలప్రశ్నలు అర నిమిషంలో ముగించి, "ఏం గురువుగారూ, ఈసారి ఆకులకు ఎటు వెళదాం?" అని అడుగుతాడు. తిరుపతికి వెళ్ళినట్లు, పుష్కరాలకు వెళ్ళినట్లు, మేము న్యూజెర్సీ నుండి ఏటా ఆకులకు వెళతాము. అక్టోబరు రెండవ సోమవారం బడులకు సెలవు. మా కంపెనీలలో చాలావాటికి ఆ సెలవు లేదు గనుక సొంత సెలవు ఒకటి ఖర్చుపెట్టుకోవాలి. శనివారం, ఆదివారం కలుపుకొంటే మూడు రోజులు. ఆ మూడు రోజులకూ మిత్రుడు ఒక పట్టిక తయారుచేస్తాడు. ఎన్ని గంటలకు ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలి, పులిహోర ఏ పార్కింగు స్థలంలో విప్పాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆ పట్టికకు ఆధారం రంగుల పటం. ఏ వారం ఏ జిల్లాలో ఆకులు ఏ రంగులో ఉంటాయో ముందుగానే అంచనా వేసి చూపే పటాలు ప్రతి సంవత్సరమూ వెలువడుతూ ఉంటాయి. ముదురు ఎరుపు పూసిన చోటు 'పీక్'. మన కారు ఆ ఎరుపు వెంట పరుగెత్తాలి.

ఈ పట్టికల యాత్ర మీద నాకు బలమైన అభ్యంతరం ఉంది. చాలాకాలంగా వ్రాద్దామనుకొంటూ, మిత్రుడు నొచ్చుకొంటాడేమోనని వాయిదా వేస్తూ వచ్చాను. ఈ సంవత్సరం వ్రాయక తప్పని కారణం ఒకటి కలిగింది. అది చివర చెబుతాను.

ముందుగా ఒక చిన్న మాట. ఈ కాలాన్ని తెలుగులో ఏమనాలి? ఆకు రాలేది మన లెక్కలో శిశిరం, అంటే మాఘఫాల్గుణాలు. క్యాలెండరు ప్రకారం అక్టోబరు మన శరత్తు. శరత్తంటే మనకు వెన్నెల, తేటబడిన చెరువు నీళ్ళు, దసరా. తెలంగాణలో తంగేడు, గునుగు పూలు కోసి బతుకమ్మను పేర్చే రోజులు. ఇక్కడ శరత్తులోనే శిశిరం వచ్చి కూర్చుంటుంది. "శరత్కాలపు ఆకులు" అని వ్రాస్తే ఎక్కడో ముల్లు గుచ్చుకొన్నట్లుంటుంది నాకు. అందువలన "ఆకులకు వెళ్ళడం" అనే మా నాటు ప్రయోగమే నయమనిపించి, దానినే వాడుతున్నాను.

2014లో మా అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు నేనూ ఆకులకు వెళ్ళాను. అప్పటి పట్టిక మిత్రుడిది కాదు, నాదే. మొదటి రోజు వెర్మాంటు ఉత్తరభాగాన స్టో, రెండవ రోజు న్యూ హాంప్‌షైర్ లోని కాంకమేగస్ రహదారి, మూడవ రోజు తిరుగు ప్రయాణం. అన్నీ కలిపి ఎనిమిది వందల మైళ్ళ పైచిలుకు. కాంకమేగస్ సుమారు 34 మైళ్ళ కొండదారి. దారి పొడవునా ఒక్క పెట్రోలు బంకు కూడ ఉండదు. ఆ వారాంతంలో మాత్రం కార్లకు కొదువ ఉండదు. మనుషులు నడిచినంత వేగంతో బండ్లు కదులుతుంటే, చూడవలసిన ప్రతి మలుపు వద్దా నిలుపుకొనే చోటు లేక దాటిపోయాము. వెనుక సీటులో నాన్నగారు కిటికీకి ముఖం ఆనించి మౌనంగా కూర్చున్నారు. "ఎట్లా ఉంది నాన్నా?" అని నేను ప్రతి పావుగంటకూ అడగడం, "బాగుంది" అని ఆయన అనడం. ఒక్కసారి మాత్రం "మన బడి దగ్గర బాదం చెట్టు ఆకులు ఇట్లాగే ఎర్రబడేవి" అన్నారు. నేను నవ్వి ఊరుకొన్నాను. ఇంత దూరం తీసుకువచ్చి చూపిస్తే బాదం చెట్టు గుర్తుకువచ్చిందేమిటని లోలోపల కొంచెం చిన్నబుచ్చుకొన్నాను కూడ.

నాన్నగారు రెవెన్యూ శాఖలో సర్వేయరుగా పనిచేశారు. జీవితమంతా గొలుసు పట్టుకొని పొలాల హద్దులు కొలిచిన మనిషి. వెర్మాంటులో ఒకచోట దారి ప్రక్కన అడవి లోపల, చెట్ల మొదళ్ళ మధ్యగా, మోకాలెత్తు రాళ్ళ వరుస ఒకటి వంకర లేకుండా పోతూ కనిపించింది. ఆయన ఒక్కసారిగా ముందుకు వంగి, "ఇది అడవి కాదబ్బాయీ, ఎవరిదో పొలం. గట్టు చూడు. ఎందుకు వదిలేసిపోయారో కనుక్కో. ఒకసారి ఆపుతావా?" అన్నారు. పట్టిక ప్రకారం అప్పటికే మేము నలభై నిమిషాలు వెనుకబడి ఉన్నాము. "తిరిగి వచ్చేటప్పుడు ఆగుదాం నాన్నా" అన్నాను. తిరుగు ప్రయాణం వేరే దారిన జరిగింది.

2016లో నాన్నగారు పోయారు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు 2018 అక్టోబరులో, వెర్మాంటులోనే ఒక చర్చి భోజనాల హాలులో దొరికింది. ఎదురుగా కూర్చున్న ముసలి రైతు, నేను అడగ్గానే, బంగాళాదుంప మెదుపుకొంటూ "గొర్రెల కోసం" అన్నాడు. తరువాత పుస్తకాలు తిరగేస్తే ఆ రెండు మాటల వెనుక ఒక శతాబ్దపు కథ ఉన్నదని తెలిసింది. 1811లో విలియం జార్విస్ అనే అమెరికన్ కాన్సులు ఐరోపా నుండి మెరినో జాతి గొర్రెలను తెచ్చి వెర్మాంటులోని తన పొలంలో పెట్టాడు. ఉన్నికి మంచి ధర ఉండడంతో ఆ పిచ్చి రాష్ట్రమంతటా పాకింది. కొండలకు కొండలు నరికి మేతబీళ్ళు చేశారు. నేలలోని రాళ్ళను ఏరి, గొర్రెలు దాటకుండా గోడలు పేర్చారు. 1840 నాటికి అక్కడి గొర్రెలు సుమారు 17 లక్షలు, మనుషులు మూడు లక్షల లోపు. తరువాత విదేశీ ఉన్నిపై సుంకం తగ్గింది. కాలువలు, రైళ్ళు వచ్చి పశ్చిమాన చవకగా పెంచిన గొర్రెల ఉన్ని తూర్పుకు చేరింది. రాళ్ళు లేని నేల పశ్చిమాన ఉన్నదని విని రైతులు పొలాలు వదిలి ఒహాయో వైపు, ఇంకా పైకి, వెళ్ళిపోయారు. వదిలేసిన బీళ్ళలో చెట్లు మొలిచాయి. ఒకప్పుడు చాలావరకు బోడిగా ఉన్న ఆ రాష్ట్రంలో నేడు నాలుగింట మూడు వంతులు అడవి. మనం 'ప్రకృతి' అని మురిసి ఫోటోలు తీసుకొనే ఆ ఎరుపులో ఎంతో భాగం ఖాళీ అయిన పొలాలమీద నిలబడి ఉన్నది.

మా నాన్నగారికి గట్టును చూసిన క్షణంలోనే ఇందులో సగం అర్థమైపోయింది. మిగిలిన సగం ఆయన అడిగారు, నేను ఆగలేదు. పైగా రాబర్ట్ ఫ్రాస్ట్ 'మెండింగ్ వాల్' పద్యం ఇంగ్లీషు పాఠంలో చదివి, ప్రశ్నకు జవాబు వ్రాసి, మార్కులు కూడ తెచ్చుకొన్నవాడిని నేను. ఆ పద్యంలోని గోడ ఈ గోడేనని ఆనాడు తట్టనే లేదు. ఆయనకు ఇంగ్లీషు పద్యాలు తెలియవు, గట్లు తెలుసు. ఊళ్ళో మా దాయాదుల పొలాలు సర్కారు తుమ్మ మొలిచి పడి ఉన్న సంగతి తలచుకొని ఆ ప్రశ్న అడిగి ఉంటారని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఇక ఈ 'పీక్' అనే మాట సంగతి. పొద్దు తగ్గుతున్నకొద్దీ చెట్టు ప్రతి ఆకుకాడ మొదట్లోనూ ఒక పొరను అడ్డుకట్టుకొంటుంది. పత్రహరితం విరిగిపోతుంది. అంతవరకూ దాని చాటున ఉన్న పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. ఎరుపు సంగతి వేరు. ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లను ఆకులో మిగిలిన చక్కెరలతో చెట్టు అప్పటికప్పుడు తయారుచేసికొంటుంది. ఎండ కాసే పగళ్ళు, గడ్డకట్టనంత చల్లని రాత్రులు వరుసగా వస్తే ఎరుపు చిక్కబడుతుంది. ఒక్క గాలివాన వచ్చిందా, రాత్రికి రాత్రి అంతా నేల మీదికి వస్తుంది. పైగా అన్ని చెట్లూ ఒకేసారి మారవు. చిత్తడి నేలల్లోని ఎర్ర మేపుల్ ముందు, తరువాత చక్కెర మేపుల్, అందరికంటే వెనుక ఓక్. కొండమీద ముందు, లోయలో వెనుక. ఉత్తరాన సెప్టెంబరు చివర మొదలయ్యేది, దక్షిణాన మా న్యూజెర్సీకి చేరేసరికి అక్టోబరు చివరి వారం దాటుతుంది. ఇంత చిల్లర వ్యవహారాన్ని జిల్లాకొక రంగు చొప్పున పటంలో పూస్తే ఎట్లా? కొండా లోయా రెండూ ఉన్న ఏ ఊరిలోనైనా, ఆ పది పదిహేను రోజులలో ఎప్పుడు వెళ్ళినా, ఏదో ఒక ఎత్తులో ఏదో ఒక చెట్టు తన పనిలో తాను ఉంటుంది. దాని కోసం ఎనిమిది వందల మైళ్ళు తిరగనక్కరలేదు.

మన పరుగు అక్కడివారికి ఎట్లా కనిపిస్తుందో కూడ ఆలోచించాలి. ఆకులు చూడవచ్చేవారికి వాళ్ళు పెట్టిన పేరు 'లీఫ్ పీపర్లు', అంటే ఆకులను తొంగిచూసేవాళ్ళు. వెర్మాంటులోని పామ్‌ఫ్రెట్ అనే చిన్న ఊరిలో, క్లౌడ్‌లాండ్ రోడ్డు మీద స్లీపీ హాలో అనే పొలం ఉంది. మట్టిదారి, కొయ్య ఇల్లు, వెనుక కొండ. ఫోటోలో అద్భుతంగా ఉంటుంది. ఆ ఫోటో ఫోనులలో పాకిన తరువాత జనం విరగబడ్డారు. అది ఎవరో కాపురముంటున్న ఇల్లు. కంచె దాటి ఆవరణలోకి వెళ్ళడం, ఇరుకు దారికి అడ్డంగా కార్లు నిలపడం పెరిగిపోయి, 2023లో సెప్టెంబరు చివరి నుండి అక్టోబరు మధ్య వరకు ఆ దారిని బయటివారికి మూసివేశారు. ఆ జనంలో మనవాళ్ళు ఉన్నారో లేదో నాకు తెలియదు గాని, 2014లో నేను దారి ప్రక్కన ఎవరిదో గుమ్మడికాయల బండి ముందు కుటుంబాన్ని నిలబెట్టి ఫోటో తీశాను. బండి ఎవరిదని కూడ అడగలేదు. ఆ ఫోటో నేటికీ మా హాలులో ఉంది.

ఇది మనకు తెలిసిన దర్శనం పద్ధతే. క్యూలో గంటలు, ఎదుట రెండు క్షణాలు, లడ్డూ, ఇంటికి. తేడా ఏమిటంటే, దేవుడి దగ్గర ఆ రెండు క్షణాలలోనైనా ఏదో ఒకటి అడుగుతాము.

నా పట్టిక ఏదని మిత్రుడు అడుగుతాడు. చెబుతాను. న్యూజెర్సీలో మా ప్రాంతం నుండి సుమారు 200 మైళ్ళ దూరంలో, వెర్మాంటు నైరృతి మూలన బెన్నింగ్టన్ ఉంది. అక్కడినుండి మాంచెస్టర్ వరకు పాత 7ఏ రహదారి పాతిక మైళ్ళు. మూడు రోజులకూ నా రాజ్యం అంతే. బస ఒకటే చోట. ఆ వారాంతంలో చాలా బసలు రెండు రాత్రులకు తక్కువగా ఇవ్వవు, ధరలు మండిపోతాయి. కనుక జూన్‌లోనే చూసుకోవాలి. చిన్న మ్యూజియములు అన్ని రోజులూ తెరిచి ఉండవు. ముందుగా ఆ రోజులు కనుక్కొని, మిగతావాటిని వాటి చుట్టూ అమర్చుకోవాలి.

బెన్నింగ్టన్ మ్యూజియములో గ్రాండ్మా మోజెస్ చిత్రాలు ఉన్నాయి. 1860లో పుట్టిన రైతు ఇల్లాలు. కీళ్ళనొప్పులతో సూది పట్టుకోలేక, డెబ్బై ఏళ్ళు దాటాక కుంచె పట్టింది. నూటొక్క ఏళ్ళు బ్రతికింది. మేపుల్ పాకం కాచడం, బొంతలు కుట్టడం, మంచులో బండి లాగడం, తాను చూసినదంతా జ్ఞాపకం నుండి దింపింది. ఆమె చదివిన పాతకాలపు బడిని కూడ తెచ్చి అక్కడ నిలిపారు. ఆకులు చూడకముందు ఆమె బొమ్మలు ఒక గంట చూస్తే, ఆ కొండల మీద మనుషులు కనబడడం మొదలవుతుంది. మా అమ్మ వయసు వారికి ఈ ఒక్క మ్యూజియము చాలు.

అక్కడికి కొద్ది మైళ్ళలో షాఫ్ట్స్‌బరీ. 1920 నుండి 1929 వరకు ఫ్రాస్ట్ నివసించిన రాతి ఇల్లు అక్కడ ఉంది. మంచు కురిసే సాయంత్రం అడవి ప్రక్కన ఆగిన బాటసారి పద్యం మనలో అనేకులకు కంఠస్థమే. నెహ్రూ ఆ చివరి పంక్తులను తన మంచం ప్రక్కన ఉంచుకొన్నాడని కూడ ఎరుగుదుము. ఆ మంచు పద్యాన్ని ఫ్రాస్ట్ 1922 జూన్‌లో, ఒక వేసవి ఉదయాన, ఈ ఇంట్లో వ్రాశాడు. నాకు ఈ సంగతి తెలిసిన రోజున ఎంతో ధైర్యం కలిగింది, ఋతువు దాటిపోయినా వ్రాయవచ్చునన్నమాట. ఆయన సమాధి బెన్నింగ్టన్‌లోనే, పాత తెల్ల చర్చి వెనుక ఉంది.

ఆర్లింగ్టన్‌లో నార్మన్ రాక్‌వెల్ 1939 నుండి 1953 వరకు ఉన్నాడు. ఆయన బొమ్మలలోని ముఖాలు చాలావరకు ఆ ఊరివాళ్ళవే. ఏటి మీద కప్పుతో ఉన్న కొయ్య వంతెన ఒకటి ఆయన ఇంటికి దాపునే ఉంది. కప్పు అందానికి కాదు, వానకూ మంచుకూ వంతెన కొయ్య కుళ్ళకుండా వేశారు. మాంచెస్టర్ సంగతి నేను పెద్దగా చెప్పను, అక్కడ దుకాణాలు ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యమైనది చర్చి భోజనం. అక్టోబరులో వెర్మాంటు ఊళ్ళలో చికెన్ పై భోజనాలు పెట్టడం ఆనవాయితీ. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఊరి దుకాణం గోడమీద కాగితం చూస్తే తెలుస్తుంది. తలుపు దగ్గర డబ్బు కట్టి, పొడుగాటి బల్లల ముందు తెలియనివారి ప్రక్కన కూర్చోవాలి. పెళ్ళిలో బంతిభోజనమే. వడ్డించేవారు ఊరివాళ్ళు. శాకాహారులకు అక్కడ ఏముంటుందంటారా? నేను వెళ్ళినప్పుడు మెదిపిన బంగాళాదుంప, ఉడికించిన గుమ్మడి, క్యాబేజీ తురుము, క్రాన్‌బెర్రీ పచ్చడి, ఆపిల్ పై. ఉప్పూ కారమూ విషయంలో నా భార్య అభిప్రాయం ఇక్కడ వ్రాయను. గొర్రెల మాట చెప్పిన ముసలాయన ఆ బల్ల దగ్గరే తన సంగతి కూడ చెప్పాడు. తండ్రి నాటి పాడి ఆయన చేతిలో ఆగిపోయింది. పిల్లలు బోస్టన్‌లో ఉన్నారు. రాష్ట్రంలో 1940లలో పదకొండు వేలకు పైగా ఉన్న పాడి క్షేత్రాలు నేడు వెయ్యికి బాగా లోపే. "మీ నాన్న పొలం ఎవరు చూస్తున్నారు?" అని నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పకుండా పచ్చడి గిన్నె అందుకొన్నాను.

ఒక హెచ్చరిక. మేపుల్ పాకం కాచడం చూపించమని అక్టోబరులో అడగకండి. అది ఫిబ్రవరి చివరి నుండి ఏప్రిల్ వరకు జరిగే పని. దాదాపు 40 గ్యాలన్ల రసం మరిగితే ఒక గ్యాలను పాకం వస్తుంది. చెట్టుకు గాటుపెట్టాలంటే అది నలభై ఏళ్ళు పెరగాలి. పాకం కాచే ఆ కాలానికి దారులన్నీ బురద. దానిని 'మడ్ సీజన్' అంటారు. ఆకులు రాలి, మంచు ఇంకా పడక, చెట్లు పుల్లలుగా నిలిచే నవంబరు 'స్టిక్ సీజన్'. మామూలు నాలుగింటికి ఈ రెండూ కలిపితే ఆరు. మన ఆరు ఋతువుల లెక్క విని నవ్విన అమెరికన్లకు వెర్మాంటు వాళ్ళను చూపించవచ్చు.

మిత్రుడి వాదన నాకు తెలుసు. "తల్లిదండ్రులు ఇక్కడికి మళ్ళీ మళ్ళీ రారు. వచ్చినప్పుడే అన్నీ చూపించాలి. పిల్లలు ఒకేచోట మూడు రోజులు కూర్చోరు." ఇందులో పిల్లల మాట కొంత నిజమే. వాళ్ళకు ఏటి ఒడ్డు, కొంత ఆకుల గుట్ట చూపించి వదిలితే సరిపోతుందని నా అనుభవం, అయితే అందరి పిల్లలూ ఒకటి కాదు. మొదటి మాటను మాత్రం ఒప్పుకోను. మళ్ళీ రారు గనుకనే ఆగమంటున్నాను. అన్నీ చూపించాలని నేను చేసిన యాత్రలో మా నాన్నగారు ఒక్కటే అడిగారు, ఆ ఒక్కటే చూపించలేదు. 'స్థానిక సంస్కృతి' అని మిత్రుని పట్టికలో ఒక గడి ఉంటుంది, మధ్యాహ్నం రెండు నుండి మూడు వరకు. ఆ గంటలో ఆపిల్ సైడరు డోనట్లు కొంటాము. వెర్మాంటులో ఆ సోమవారం పేరు 2019 నుండి మూలవాసుల దినం. న్యూజెర్సీలో అదే రోజు కొలంబస్ దినం. రాష్ట్రం సరిహద్దు దాటితే సెలవు పేరే మారిపోతున్నది, ఎందుకని మనలో ఎవరమైనా అక్కడివారిని అడిగామా?

ఈ సంవత్సరం అమ్మ వస్తున్నది. ఒంటరిగా ఇదే మొదటిసారి. మిత్రుడు అప్పుడే పట్టిక పంపించాడు, 760 మైళ్ళు. నేను బెన్నింగ్టన్‌లో రెండు రాత్రులు తీసికొన్నానని చెప్పి తప్పుకొన్నాను. మొన్న ఫోనులో అమ్మతో ఈ సంగతి చెబితే, "మీ నాన్న ఊళ్ళో అందరికీ ఆ గట్టు గురించే చెప్పేవారురా. అడవిలో హద్దురాళ్ళు చూసివచ్చానని. ఆ గోడ దగ్గరకు తీసుకెళతావా?" అని అడిగింది. అది ఏ దారిలో ఉన్నదో నాకు గుర్తులేదని, కాని అటువంటివి అక్కడ ఎక్కడ పడితే అక్కడ ఉంటాయని చెప్పాను. ఒక నిమిషం ఊరుకొని, "ఏదైనా ఫరవాలేదులే, కాసేపు కూర్చోవడానికి వీలుగా ఉండేది చూడు, నా మోకాళ్ళు పైకి లేవనివ్వవు" అన్నది.